రాయచూరు వైపు తుంగభద్ర ఎడమ కాలువ కింద తెలుగు క్యాంపులు - కాలువ రాకముందు అక్కడ ఏముండేది?

పిల్లకాలువ:

అందరికీ నమస్కారమండి. మా అమ్మ పుట్టింది కర్ణాటకలో కారటగికీ సింధనూరుకీ మధ్యలో ఉన్న ఒక చిన్న క్యాంపులో, అంటే కోస్తా నుంచి వెళ్ళినవాళ్ళు కాలువ పక్కన కట్టుకున్న ఊళ్ళో. తాతయ్య వాళ్ళు తెనాలి దగ్గర్నుంచి 1950ల చివర్లో అక్కడికి వెళ్ళిపోయారు, నేను పెరిగింది మాత్రం హైదరాబాద్‌లో, వేసవి సెలవులకి వెళ్ళొచ్చిన ఊరు అంతే. ఇప్పుడు అమ్మమ్మ తరం వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు, అందుకని ఊరి చరిత్ర ఒకచోట రాసిపెడదామని మా కజిన్స్ అందరం అనుకున్నాం. మావయ్య పిల్లలది కన్నడ మీడియం, తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు, కాబట్టి రెండు భాషల్లోనూ రాయాలి.

రాయడానికి కూర్చుంటే మా అందరికీ తెలిసింది ఒక్క ముక్కే అని అర్థమైంది, "అంతా ముళ్ళకంప, మనవాళ్ళు వెళ్ళి బంగారం పండించారు" అని. ప్రతి ఇంట్లో ఇదే చెప్తారు. కానీ క్యాంపుకి కొంచెం దూరంలో పాత కన్నడ ఊరు ఉంది, రాతి బురుజు, పెద్ద హనుమంతుడి గుడి, దిగుడు బావి అన్నీ ఉన్నాయి, చూస్తేనే తెలుస్తుంది వందల ఏళ్ళ ఊరని. మరి వాళ్ళు ఏం పండించుకుని బతికారు, ఆ భూములు మనవాళ్ళ చేతికి ఎలా వచ్చాయి, మన ఇళ్ళు ఆ ఊళ్ళో కాకుండా అంత దూరంగా కాలువ పక్కన వరుసగా ఎందుకు కట్టుకున్నారు, ఇవేవీ ఇంట్లో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోతున్నారు. ఇంకోటి, మా తాతయ్య వాళ్ళ కింది చేను కొంత చౌడు తేలి వదిలేశారు, పై చేను మాత్రం ఇప్పటికీ బస్తాలు బస్తాలు పండుతుంది, పక్కపక్క చేలకి అంత తేడా ఎందుకో కూడా తెలుసుకోవాలని ఉంది. ఆ వైపు వాళ్ళు, కాలువ సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పండి ప్లీజ్, ఎంత పెద్దగా రాసినా చదువుతాను.

మునీరాబాద్_రిటైర్డ్:

పిల్లకాలువ గారూ, మంచి పని పెట్టుకున్నారమ్మా. నేను ఎడమ కాలువ మీద చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి, నేల సంగతీ నీళ్ళ సంగతీ నేను చెప్తాను, మనుషుల సంగతి క్యాంపుల వాళ్ళూ ఊళ్ళవాళ్ళూ చెప్పాలి.

ముందు మ్యాప్ దగ్గర పెట్టుకోండి. పైన కృష్ణ, కింద తుంగభద్ర, రెండిటి మధ్య ఉన్న నేలని రాయచూరు దోఆబ్ అంటారు, విజయనగరం వాళ్ళూ బహమనీలూ తరాల తరబడి కొట్టుకుంది దీనికోసమే, 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు కోట పట్టుకున్నది ఇక్కడే. ఇంకా వెనక్కి పోతే సింధనూరుకి దగ్గర్లోనే మస్కి ఉంది, 1915లో అక్కడ దొరికిన రాతి శాసనంలోనే అశోకుడి పేరు 'అశోక' అని స్పష్టంగా కనబడింది, అంతకుముందు దొరికిన శాసనాల్లో 'దేవానాంప్రియ', 'ప్రియదర్శి' అనే ఉండేది కాబట్టి అవన్నీ ఎవరివో తేలింది దీనివల్లే. అంటే రెండువేల ఏళ్ళకి పైగా మనుషులు దున్నుకుని బతుకుతున్న నేల ఇది, మీ రాతలో మొదటి పేజీలో ఇది పెట్టండి, అప్పుడు ముళ్ళకంప మాట దానంతటదే సర్దుకుంటుంది.

నేల ఎక్కువ భాగం నల్లరేగడి, కొండల పక్కన గంగావతి, కొప్పళ వైపు ఎర్ర నేలలూ ఉన్నాయి. వాన ఏడాదికి 600 మిల్లీమీటర్లు అటూఇటూ, అది కూడా సెప్టెంబర్ వైపు ఎక్కువ. అందుకే ఇక్కడి రైతు వానాకాలంలో నల్లరేగడిని దున్ని తడి పట్టించి, వానలు తగ్గుముఖం పట్టాక జొన్న, శనగ, కుసుమ వేసేవాడు, ఆ నేలలో ఉన్న తేమతోనే పంట వచ్చేసేది. పత్తి కూడా పాతదే. నీళ్ళు తక్కువ కానీ పద్ధతి తెలిసిన వ్యవసాయం అది. వాన మొత్తానికే మొహం చాటేసిన ఏడు మాత్రం ఘోరం, 1876-78 ధాత కరువులో ఈ వైపు జనం పిట్టల్లా రాలిపోయారు.

తుంగభద్రకి ఆనకట్ట కట్టాలన్న ఆలోచన గోదావరి ఆనకట్ట కట్టిన కాటన్ దొరే 1860లో పెట్టాడు. కానీ నది ఇవతల మద్రాసు, అవతల నిజాం, నీళ్ళు ఎవరికెంత అన్న దగ్గర దశాబ్దాలు నలిగింది. చివరికి 1944లో ఒప్పందం కుదిరి, 1945 ఫిబ్రవరి 28న కుడి పక్క మద్రాసు గవర్నరు, ఎడమ పక్క నిజాం పెద్ద కొడుకు బీరారు యువరాజు ఒకే రోజు శంకుస్థాపన చేశారు. మధ్యలో 1948 పోలీస్ యాక్షన్ వచ్చింది, నిజాం రాజ్యం పోయింది, పని సాగుతూనే ఉంది. సున్నం, సుర్కీ (ఇటుక పొడి) గారతో కట్టిన రాతి డ్యామ్, 33 గేట్లు. 1953 జులై 1న కాలువలకి నీళ్ళు వదిలారు. డ్యామ్ వెనకాల సుమారు 90 ఊళ్ళు మునిగాయి, యాభై వేలకి పైగా మనుషులు ఇళ్ళూ పొలాలూ వదిలి పైకి వచ్చేశారు. మీ క్యాంపు కథలో వాళ్ళకీ ఒక పేరా ఉండాలి, వాళ్ళ ఊళ్ళ మీద నిలిచిన నీళ్ళే మీ చేలకి వచ్చాయి. అప్పటికి మీ ఊరు హైదరాబాద్ రాష్ట్రం, 1956 నవంబర్ 1 నుంచి మైసూరు రాష్ట్రం. మీ తాతగారు వెళ్ళింది 1950ల చివర్లో అంటున్నారు కాబట్టి అప్పుడే రాష్ట్రం మారి ఆఫీసు కాగితాలు ఉర్దూ నుంచి కన్నడకి మారుతున్న రోజులు.

ఇక కాలువ. మునీరాబాద్ దగ్గర డ్యామ్ ఎడమ పక్క నుంచి బయల్దేరి గంగావతి, కారటగి, సింధనూరు, మానవి మీదుగా రాయచూరు దాకా 227 కిలోమీటర్లు. ఇది నది పక్కనే పోదు, లెవెల్ వీలైనంత తక్కువ తగ్గేలా ఎత్తు పట్టుకుని నదికి దూరంగా పోతుంది, గుట్ట అడ్డమొచ్చిన చోట సొరంగం తొలిచారు. అంత కష్టం ఎందుకంటే కాలువకీ నదికీ మధ్య ఎంత నేల ఉంటే అంత నేలకి నీళ్ళు పారతాయి. కాలువకి ఎగువన ఉన్న నేల పక్కనే ఉన్నా సరే మెట్టే. మీరు ఈసారి వెళ్ళినప్పుడు మెయిన్ కాలువ గట్టెక్కి చూడండి, ఒక పక్క వరి, ఇంకో పక్క జొన్నా కందీ కనబడతాయి. కాలువ నుంచి బయల్దేరే పెద్ద పంపిణీ కాలువలకి నంబర్లు, కారటగి దగ్గర 31వది, సింధనూరు దగ్గర 54వది, మానవి వైపు 76వది, ఇప్పటికీ రైతులు ఊరి పేరు బదులు డిస్ట్రిబ్యూటరీ నంబరే చెప్తారు. నీళ్ళు కొలిచేది కూడా 47వ మైలు, 69వ మైలు, 104వ మైలు అనే, కిలోమీటర్లు వచ్చి ఇన్నేళ్ళయినా మైలు పోలేదు.

మీ ఇళ్ళు పాత ఊళ్ళో ఎందుకు లేవంటే, పాత ఊరు ఉన్నది బావి నీళ్ళు తియ్యగా ఉన్న చోట, లేదా వాగు పక్కన మెరక మీద, నల్లరేగడిలో ఎక్కడ పడితే అక్కడ మంచి నీళ్ళు పడవు. వచ్చినవాళ్ళు కొన్నది ఊరికి దూరంగా ఉన్న చేలు, అవే చవగ్గా, ఒకే ముక్కగా దొరికేవి. రోజూ అంత దూరం బురదలో నడవలేరు, వరికి రాత్రి పూట కూడా నీళ్ళు కట్టాలి, తాగడానికి కూడా కాలువ నీళ్ళే, అందుకే చేలోనే మెరక చూసుకుని డిస్ట్రిబ్యూటరీ పక్కన వేసుకున్నారు. సర్వే నంబర్లు మాత్రం ఆ పాత ఊరివే, చాలా క్యాంపులు మొన్నమొన్నటి దాకా రెవెన్యూ గ్రామాలే కావు, పాత ఊరి కింద లెక్క.

ఒక్క మాట మాత్రం నొక్కి చెప్తా. ఈ కాలువ వరి కోసం కట్టింది కాదు. సుమారు 6 లక్షల ఎకరాలకి కొంచెం కొంచెం నీళ్ళిచ్చి జొన్న, పత్తి, వేరుశనగ ఎండిపోకుండా కాపాడాలి, కరువు రాకుండా చూడాలి, అదీ ప్లాను. ఏ సర్వే నంబర్లో ఏ పంట వెయ్యాలో కూడా కాగితం మీద రాసి ఉంది, దాన్నే లోకలైజేషన్ అంటారు, అందులో వరికి రాసింది చాలా తక్కువ. కృష్ణా నీళ్ళు రాష్ట్రాలకి పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఈ కాలువకి 92 టీఎంసీలు కేటాయించింది కూడా ఆ లెక్క మీదే. ఎగువన రెండు పంటలు వరి వేసుకుంటూ పోతే దిగువకి ఏమవుతుందో మానవి వాళ్ళు చెప్తే బాగుంటుంది.

సాంబమసూరి_రైతు:

పెద్దాయన చాలా బాగా చెప్పారు. మాది గంగావతి తాలూకా క్యాంపు, మేం రెండో తరం, నాన్నగారు వాళ్ళు ఉయ్యూరు దగ్గర్నుంచి వచ్చారు.

మా ఇంట్లో చెప్పుకునేది ఏంటంటే అక్కడ డెల్టాలో అన్నదమ్ములు పంచుకోగా తలా ఎకరం అరెకరం మిగిలింది, ఆ ఎకరం అమ్మితే ఇక్కడ చాలా ఎకరాలు వచ్చేవి, ముందు ఒకళ్ళిద్దరు వచ్చి చూసుకుని కబురు పెడితే వెనకాల చుట్టాలు పక్కాలు దిగారు, అందుకే మా క్యాంపులో సగం ఇళ్ళు ఒకే ఇంటిపేరు. మొదట రెల్లుగడ్డి పాకలు. వానాకాలం వస్తే నల్లరేగడిలో బండి చక్రం దిగబడితే ఇక అంతే, గంగావతి ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపు పోయినవాళ్ళు ఉన్నారు, మలేరియా జ్వరాలు, పాములు. మా నాయనమ్మ ఎప్పుడూ అనేది, భాష రాని చోట ఉప్పు అడగడానికి కూడా చేతులు తిప్పాల్సి వచ్చేదని. అప్పట్లో పక్క ఊరి కన్నడ ఆవిడ ఒకావిడ జొన్నరొట్టె కొట్టడం నేర్పింది, పురుడు కూడా ఆవిడే పోసిందట, ఆ ఇంటితో మాకు ఇప్పటికీ రాకపోకలు ఉన్నాయి, పెళ్ళికి మొదటి శుభలేఖ వాళ్ళకే.

పనంటే అసలు పని చదును చెయ్యడం. ఈ నేల నదివైపు వాలుగా ఉంటుంది, జొన్నకి వాలు ఫర్వాలేదు, వరికి నీళ్ళు నిలబడాలి కదా, అందుకని ఎడ్లకి పలక కట్టి ఎత్తు చేల మట్టి పల్లపు చేలోకి లాగి, మెట్లు మెట్లుగా మడులు కట్టి గట్లు వేశారు, ఒక్కో చేను తయారవడానికి ఏళ్ళు పట్టింది. నీళ్ళు కాలువలో వచ్చినా చేను చదునవ్వందే వరి లేదు, చదును చెయ్యాలంటే డబ్బు కావాలి, ఎడ్లు కావాలి, పంట రాని ఏళ్ళు తట్టుకోవాలి. అక్కడ పొలం అమ్మి వచ్చినవాళ్ళ చేతిలో ఆ కాస్త డబ్బు ఉంది, ఊడ్పూ దమ్మూ ముందే తెలుసు, తేడా అంతా అక్కడే వచ్చింది. మనవాళ్ళే కష్టజీవులు, ఇక్కడివాళ్ళు కాదు అని మా వాళ్ళు కొందరు ఇప్పటికీ అంటారు, అది విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది, అది అబద్ధం.

ఇంకో సంగతి, రాసేవాళ్ళు తప్పకుండా రాయాలి. మా నాన్నగారు వాళ్ళు ఒక్కళ్ళే రాలేదు, మా పొలంలో పనిచేసే దళిత కుటుంబాలు కూడా కోస్తా నుంచి వచ్చాయి. ఆ మెట్లు కట్టింది, కాలువ బోదెలు తవ్వింది, నాట్లు వేసింది ఎక్కువగా వాళ్ళూ, ఇక్కడి కూలీలూ, ముఖ్యంగా ఆడవాళ్ళు. క్యాంపు చివర వాళ్ళ ఇళ్ళు ఉంటాయి, చిన్న చర్చి ఉంటుంది. మేం వచ్చి ఎకరాలు కొన్నాం, వాళ్ళలో చాలామందికి సెంటు భూమి రాలేదు. మీ క్యాంపులో కూడా ఆ ఇళ్ళు తప్పకుండా ఉంటాయి, వాళ్ళ దగ్గర కూర్చుని అడగండి, మీ అమ్మమ్మకి గుర్తులేని విషయాలు వాళ్ళకి గుర్తుంటాయి.

రకాల సంగతికొస్తే మొదట్లో జొన్న, పత్తి, వేరుశనగ, తర్వాత ఐఆర్ 8, మసూరి, ఆ తర్వాత బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, 1986లో విడుదలయ్యాక ఈ ప్రాంతాన్ని ఏలేసింది, గంగావతి కారటగి సింధనూరు మిల్లుల నుంచి బెంగుళూరు వెళ్ళే సన్నబియ్యం అంతా దాదాపు అదే. ఇప్పుడు నీళ్ళు తక్కువ, రోజులు తక్కువ అని ఆర్ఎన్ఆర్, అంటే తెలంగాణ సోనా వైపు చాలామంది మళ్ళారు.

మీ కింది చేను చౌడు గురించి. వాలుగా ఉన్న నేలలో పై చేలకి పెట్టిన నీళ్ళూ కాలువ నుంచి ఊరిన నీళ్ళూ నల్లరేగడిలోంచి కిందికి తొందరగా దిగవు, పక్కకి నెమ్మదిగా జారి పల్లపు చేలో తేలతాయి, జౌకు పడుతుంది. ఎండాకాలం ఆ తడి పైకి లాగి ఆవిరై పోతుంటే నేలలో ఉన్న ఉప్పు అంతా పైన తెల్లగా పేరుకుంటుంది. అంటే మీ పై చేను బాగా పండటానికీ కింది చేను పోవడానికీ కారణం ఒకటే. జిప్సం వెయ్యడం, జీలుగ చల్లి కలియదున్నడం, మంచి నీళ్ళు నిలగట్టి ఉప్పు కడగడం చేస్తారు, కానీ నీళ్ళు బయటికి పోయే దారి లేకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది. నేల కింద చిల్లులున్న పైపులు వేసి ఊట నీళ్ళు హళ్ళంలోకి, అంటే వాగులోకి వదిలితే బాగవుతుంది, గంగావతి వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్ళు దీనిమీద చాలాకాలంగా పనిచేస్తున్నారు, మీ మావయ్యని ఒకసారి మట్టి పట్టుకుని అక్కడికి వెళ్ళమనండి, వదిలెయ్యాల్సిన చేను కాదది.

జొన్నరొట్టె_మానవి:

మాది మానవి తాలూకా, ఇంట్లో కన్నడ, చదివింది రాయచూరులో, అక్కడ సగం మంది తెలుగే కాబట్టి తెలుగు వచ్చింది, రాతలో తప్పులుంటే సర్దుకోండి అన్నా. పై ఇద్దరూ న్యాయంగా రాసిండ్రు, చాలా సంతోషం. మా వైపు సంగతి నేను రాస్తా.

ముళ్ళకంప అన్నది తుమ్మచెట్లు ఉన్న బంజర్లని చూసి అనింటారు. అవి మా పశువుల మేత, కురుబరోళ్ళ గొర్రెల మేత. ప్రతి చేనికి పేరు ఉండేది. తెల్లజొన్న మంచిగ పండిన ఏడు రెండేళ్ళకి సరిపడా గింజలు నేలలో పాతర వేసి పెట్టేవాళ్ళు, వాన లేని ఏడు ఆ పాతర తీసేవాళ్ళు, కరువు సీమలో బతకడానికి మా పెద్దల తెలివి అది. వరి వచ్చినంక పాతర్లు పోయినయి, మేత పోయింది, ఎద్దులూ పోయినయి.

భూములు ఎందుకు అమ్మిండ్రు అని అక్క అడిగింది కదా. అందరిదీ ఒకే కారణం కాదు. కొన్ని పెద్ద పెద్ద ఇనాందార్లవి, ఊళ్ళో లేని పట్నం దొరలవి, వాళ్ళకి మంచి రేటు వస్తే చాలు. చిన్న రైతులైతే అప్పు, బిడ్డ పెండ్లి. కాలువ తవ్వుతుంటే నీళ్ళు వస్తయని తెలుసు కానీ చదును చేసే డబ్బు లేదు, నీళ్ళు వస్తే పన్నులు కూడా పెరుగుతయన్న భయం, ఎక్కడో నుంచి వచ్చినోళ్ళు నగదు చేతిలో పెడితే ఇచ్చేసిండ్రు. పదేండ్లకి అదే చేను రేటు ఎన్నో రెట్లయింది. అమ్మిన ఇంటి పిల్లలు అదే చేలో కూలికి పోయిండ్రు. ఆ బాధ మా పెద్దోళ్ళ మాటల్లో ఇంకా ఉంది, దాన్ని దాచకుండా రాయండి.

కానీ అక్కడే ఆగిపోవద్దు. ఒక తరం గడిచేసరికి మావాళ్ళూ వరి నేర్చుకున్నరు, ఈరోజు కాలువ కింద వరి పండించేటోళ్ళల్లో ఎక్కువమంది స్థానికులే. క్యాంపు పిల్లలు మా పిల్లలు ఒకే బడి, ఒకే క్రికెట్ టీమ్. సింధనూరు తాలూకాలోనే తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులకి ప్రభుత్వం ఇచ్చిన ఆర్‌హెచ్ క్యాంపులు ఉన్నయి, వాళ్ళు చేపలు పడతరు, వరి పండిస్తరు, కన్నడ మాట్లాడతరు. ఒక చిన్న సీమలో ఇన్ని రకాల మనుషులు సర్దుకుని బతుకుతుండ్రు, దేశంలో ఎక్కడుంది చెప్పండి.

ఇప్పుడు నీళ్ళు. 76వ డిస్ట్రిబ్యూటరీ కింద ఉన్న మాకు కాగితం మీద నీళ్ళు మొదటి నుంచీ ఉన్నయి. ఎగువన లెక్కకి మించి వరి, కాలువ మీద మోటార్లు, గట్టుకి బెజ్జం పెట్టి పైపులు, ఇదంతా దాటి 104వ మైలు దగ్గర ఎంత మిగిలితే అది మాకు. మార్చి ఏప్రిల్‌లో పత్తి, మిరప ఎండిపోతుంటే రోడ్డు మీద కూర్చోని ఏడు లేదు. కాలువ పొడుగునా నిషేధాజ్ఞలు పెట్టి పోలీసోళ్ళని కాపలా పెట్టిన ఏండ్లు కూడా ఉన్నయి. ప్రతి సారీ మునీరాబాద్‌లో ఐసీసీ, అంటే నీటిపారుదల సలహా కమిటీ మీటింగ్ అయితది, ఏ తారీకు దాకా నీళ్ళు అని చెప్తరు, మేం ఆ తారీకు కోసం రేడియో పట్టుకుని కూర్చునేవాళ్ళం, ఇప్పుడు వాట్సాప్. పైగా డ్యామ్‌లో పూడిక. కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 105 చిల్లర. పూడికలో పోయిన నీళ్ళు ముందు ఎవరికి తగ్గుతయి? చివర ఉన్నోళ్ళకే. 2024 ఆగస్టులో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకపోయినప్పుడు స్టాప్‌లాగ్ అనే అడ్డుపలక దిగేదాకా మా ఊళ్ళో ఎవరూ నిద్రపోలే, క్యాంపుల్లో కూడా నిద్రపోయి ఉండరు. ఆ వారం ఎగువ దిగువ అని ఎవరికీ లేదు, అందరం ఒకే నది పిల్లలం.

అలంపురం_గట్టు:

మానవి అన్న చెప్పింది మాకు ఇంకా బాగ తెలుసు, ఎందుకంటే మేం ఆయనకన్న కింద ఉన్నం. 1956 దాక అలంపురం, గద్వాల కూడ రాయచూరు జిల్లానే, రాష్ట్రాలు విడగొట్టినప్పుడు మేం ఇటు పడ్డం. అదే తుంగభద్ర మీద మానవి వైపు రాజోలిబండ ఆనకట్ట ఉంది, మా ఆర్డీఎస్ (రాజోలిబండ డైవర్షన్ స్కీమ్) కాలువకి అదే తల. తల కర్ణాటకల, పొలం తెలంగాణల. ఒప్పందం ప్రకారం మాకు 15.9 టీఎంసీలు, 87,500 ఎకరాలకు పారాలె, ఎన్ని ఏండ్లు పారిందో మా ఊళ్ళల్లో ఎవర్నడిగినా చెప్తరు. ఎడమ కాలువ కింద వరి మడుల నుంచి వాగుల్లోకి ఇగిరి వచ్చే నీళ్ళు కూడ మళ్ళ నదిలకే చేరి మాకు కొంత ఆసరా అయితయి, అది కూడ నిజమే, చెప్పకపోతే తప్పు.

అక్కా మీరు రాసేటప్పుడు ఒక్క క్యాంపు అని కాకుండ నది వరుసల పెట్టి రాయుండ్రి, పైన ఎవరు, మధ్యల ఎవరు, కింద ఎవరు అని. అట్ల రాస్తే పిల్లలకి మంచిగ అర్థమయితది.

కొల్లిపర_వదిన:

తెనాలి మాట వచ్చింది కాబట్టి నేనూ రాస్తున్నా. ఇక్కడి నుంచి వెళ్ళిపోవడం తుంగభద్రతో మొదలవలేదమ్మా. నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక మంజీర నీళ్ళ కోసం బోధన్, వర్ని వైపు మా ఊళ్ళ నుంచి బోలెడన్ని కుటుంబాలు వెళ్ళాయి, అక్కడ చెరుకూ వరీ పండించి నిలదొక్కుకున్నారు, ఆ కబుర్లు పండక్కి వచ్చినప్పుడల్లా చెప్పేవాళ్ళు. కాబట్టి 1953లో తుంగభద్ర కాలువలు పారాయనగానే ఈసారి అటు వెళ్దాం అన్న ధైర్యం అప్పటికే ఉంది. కృష్ణా డెల్టాలో ఆనకట్ట 1855కే వచ్చేసింది, వందేళ్ళు వరి పండిన నేల, రేట్లు ఆకాశంలో, మనుషులు ఎక్కువ. ముగ్గురు నలుగురు అన్నదమ్ములున్న ఇంట్లో ఒకళ్ళు వెళ్తే మిగతావాళ్ళకి ఇక్కడ పొలం నిలుస్తుంది అన్న లెక్క కూడా ఉండేది, ఎవరు వెళ్ళాలి అన్న దగ్గర ఇళ్ళల్లో గొడవలు జరిగాయి, మాటలు మానేసిన అన్నదమ్ములున్నారు. వెళ్ళిన ఇంటి ఆడపిల్లల్ని మళ్ళీ ఇక్కడికే ఇవ్వడం, ఇక్కడి పిల్లని అక్కడికి చేసుకోవడం చాలాకాలం నడిచింది, కాబట్టి మీ కథ సగం తెనాలిలో కూడా ఉంది. ఇక్కడ మిగిలిన మీ తాతగారి అన్నదమ్ముల పిల్లల్ని కలిసి అడగండి, వాళ్ళ దగ్గర పాత ఉత్తరాలు ఉండొచ్చు, 1960ల్లో వెళ్ళినవాళ్ళు నెలకో ఇన్లాండ్ లెటర్ రాసేవాళ్ళు, అందులో వాన, నీళ్ళు, ధాన్యం రేటు అన్నీ ఉంటాయి.

పిల్లకాలువ:

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. ఒక్క రోజులో ఇంత వస్తుందనుకోలేదు. జొన్నరొట్టె గారూ, మీరు రాసిన భూముల సంగతి మా కజిన్స్ గ్రూపులో పెట్టాను, పెద్ద చర్చే జరిగింది, ఇద్దరు ముగ్గురికి నచ్చలేదు కానీ రాయాలనే నిర్ణయించాం. పాత ఊళ్ళో అప్పటి అమ్మిన కుటుంబాలని కలవాలని ఉంది, నేరుగా వెళ్ళి "మీ తాతలు మాకు భూమి అమ్మారు" అని అడిగితే ఎలా తీసుకుంటారో అని బెంగగా ఉంది. ఇంకా మునీరాబాద్ సార్, ఏ సర్వే నంబరు ఎవరి నుంచి వచ్చింది, కాలువ రాకముందు అందులో ఏ పంట అని కాగితాల్లో దొరుకుతుందా?

మునీరాబాద్_రిటైర్డ్:

దొరుకుతుందమ్మా, ఓపిక కావాలి. ముందు దిశాంక్ యాప్ వేసుకోండి, కర్ణాటక సర్వే వాళ్ళది, మీ చేలో నిలబడితే సర్వే నంబరు చూపిస్తుంది. ఆ నంబర్లన్నీ రాసుకుని తాలూకా ఆఫీసు రికార్డు రూములో పాత పహణీలకి, అంటే భూమి సాగు రికార్డులకి దరఖాస్తు పెట్టండి. హైదరాబాద్ రాష్ట్రం అంతటా 1954-55లో ఖాస్రా పహణీ తయారు చేశారు, అందులో పట్టాదారు ఎవరు, సాగు చేసేది ఎవరు అని ఉంటుంది, మీ తాతగారు వెళ్ళకముందు చేను ఎవరి పేరున ఉందో అక్కడ తేలుతుంది. ఆ కాలం కాగితాలు ఉర్దూలో కూడా ఉంటాయి కాబట్టి చదివే మనిషిని వెంట తీసుకెళ్ళండి, రాయచూరులో అటువంటి పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. రిజిస్ట్రేషన్ దస్తావేజు మీ ఇంట్లోనే ట్రంకు పెట్టెలో ఉండాలి, చెక్‌బందీలో హద్దులు చూస్తే పక్క చేలవాళ్ళ పేర్లు, వాగు, బండిదారి అన్నీ దొరుకుతాయి, కాలువ పేరు అందులో ఎప్పటి నుంచి హద్దుగా కనబడుతుందో చూడండి. లోకలైజేషన్ రిజిస్టరు నీటిపారుదల శాఖ సబ్ డివిజన్‌లో ఉంటుంది, మీ సర్వే నంబరుకి ఏ పంట రాశారో అందులో చూడవచ్చు, మీ చేనుకి జొన్న అనో పత్తి అనో రాసి ఉన్నా ఆశ్చర్యపోకండి.

జొన్నరొట్టె_మానవి:

అక్కా, బెంగ పడొద్దు. నేరుగా భూమి మాట ఎత్తొద్దు, ముందు ఊళ్ళో హనుమంతుడి గుడి పూజారినో, పాత గౌడ ఇంటినో కలవండి, ఊరి జాతర గురించి అడగండి, పాత బావి ఎవరు తవ్వించిండ్రో అడగండి. చేల పేర్లు అడగండి, ముసలోళ్ళు గంటలు గంటలు చెప్తరు, ఆ పేర్లు వస్తుంటే ఎవరి చేను ఎవరికి పోయిందో వాళ్ళే చెప్తరు. మీ మావయ్యని వెంట తీసుకపోండి, ఆయనకి ఆ ఊళ్ళో స్నేహితులు ఉండకపోరు. బడిలో మా లాంటి కన్నడ టీచర్లు ఉంటే చేల పేర్లు రాసుకోడానికి పిల్లల్నే పంపిస్తరు, మీ మావయ్య పిల్లలూ ఊరి పిల్లలూ కలిసి చేస్తే ఇంకా మంచిది. శివరాత్రి అయినంక, ఎండలు ముదరకముందు రండి, అప్పుడు జొన్న కోతలు అయిపోయి పెద్దోళ్ళు కట్ట మీద ఖాళీగా కూర్చుంటరు. మానవి దాకా వస్తే మా ఇంటికి రండి, కాలువ చివర చూపిస్తా.

సాంబమసూరి_రైతు:

నేనూ వస్తా మానవికి. ఇన్నేళ్ళు కాలువ ఎగువన ఉండి 104వ మైలు దాటి ఎప్పుడూ చూడలేదు. పిల్లకాలువ గారూ, తారీకు అనుకున్నాక ఇక్కడే పెట్టండి, గంగావతి నుంచి మా బండిలోనే వెళ్దాం, దారిలో మస్కి శాసనం కూడా చూసుకుని పోవచ్చు.